ఘాట్ ఎక్కే పెట్రోల్ టర్బో: నాకింగ్ రాకుండా ట్యూనింగ్

(కోరాపుట్ జిల్లా జయపురంలో తెలుగు మెకానిక్‌లు, కారు యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినిపిస్తోందా? ఫ్యాన్లు ఆపకండి, నేనే గొంతు పెంచుతాను. ఒడియా మిత్రులు కూడా కొందరు వచ్చారు. తెలుగు అర్థమవుద్దన్నారు కాబట్టి తెలుగులోనే మాట్లాడతాను. ఎక్కడైనా అందకపోతే చెయ్యెత్తండి.

ఈ హాల్లో ఉన్న మెకానిక్‌ల్లో ఎక్కువ మంది టర్బో అన్న వస్తువుని, అంటే పొగ గ్యాసుతో తిరుగుతూ ఇంజిన్లోకి గాలిని నొక్కి తోసే పంపుని, డీజిల్ బండి మీదే నేర్చుకున్నారు. సాలూరు లారీలు, మన బొలెరోలు, సుమోలు, పికప్ వ్యాన్లు. ఘాట్ రోడ్డు మీద ఆ బండ్లు విప్పి బిగించి చేతులు పండిపోయాయి. మంచిదే. కానీ డీజిల్ నేర్పిన చదువు పెట్రోల్ టర్బో దగ్గరకొచ్చేసరికి చాలాచోట్ల తలకిందులవుతుంది. ఇవాళ నేను చెప్పేదల్లా దాని గురించే. ఈ నాలుగైదేళ్ళలో మన దగ్గరికి వచ్చే కార్లలో ఒక లీటరు, 1.2, 1.5 లీటర్ల పెట్రోల్ టర్బోలు బాగా పెరిగాయి. వాటితోపాటే పిస్టన్లు పోయిన కేసులూ వస్తున్నాయి.

డీజిల్ ఇంజిన్ ఏం చేస్తుంది? ఉత్త గాలిని నొక్కుతుంది. పదహారు, పదిహేడు రెట్లు నొక్కి, ఆఖర్న డీజిల్ కొడుతుంది. కొట్టింది కొట్టినట్టే మండుతుంది. అక్కడ గాలిలో ముందుగా కలిసి కూర్చున్న ఇంధనమంటూ లేదు. అందుకే డీజిల్‌కి గాలి ఎంత ఎక్కువిస్తే అంత సుఖం. పొగ తగ్గుతుంది, సైలెన్సర్ వైపు వేడి తగ్గుతుంది. "బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచు, ఏం కాదు" అన్న ధైర్యం మనకి అక్కడే వచ్చింది.

పెట్రోల్ సంగతి వేరు. డైరెక్ట్ ఇంజెక్షన్ బండైనా సరే, మామూలుగా గాలీ పెట్రోలూ కలిసిపోయిన తర్వాతే స్పార్క్ ప్లగ్గు నిప్పు కొడుతుంది. ప్లగ్గు కొట్టేలోపు ఆ మిశ్రమం మొత్తం పిస్టన్ నొక్కుడికి వేడెక్కుతూనే ఉంటుంది. బూస్ట్ పెంచితే ఇంకా దట్టంగా, ఇంకా వేడిగా ఉంటుంది. ఇప్పుడు నాకింగ్ అంటే ఏంటో చూద్దాం.

మన కొండల్లో పోడు కాల్చడం అందరూ చూసినవాళ్ళే. ఒక అంచున నిప్పు పెడతారు, మంట వరసగా కాల్చుకుంటూ అవతలి అంచుకి పోతుంది. సిలిండర్లో మంచి మంట అలాంటిదే. ప్లగ్గు దగ్గర పుట్టి గోడల వైపు నడుస్తుంది. అలా నడుస్తున్నంతసేపూ వెనక మండిన గ్యాసు ఉబ్బి, ముందు ఇంకా మండని మిశ్రమాన్ని గోడకేసి నొక్కుతుంది. ఆ మూల ఇరుక్కున్న మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక, మంట తన దగ్గరికి రాకముందే ఒక్కసారిగా తనంతట తానే అంటుకుంటే, అదే నాకింగ్. మంట ముందు చేరుతుందా, మూలనున్న మిశ్రమం ముందు అంటుకుంటుందా అన్నదే పందెం. ట్యూనింగ్‌లో మనం చేసే ప్రతి పనీ ఆ పందెంలో మంటని గెలిపించడానికే.

మిశ్రమం అలా ఒకేసారి పేలినప్పుడు ఒత్తిడి అల పుట్టి గోడకీ గోడకీ మధ్య కొట్టుకుంటుంది. ఆ వేడి గ్యాసులో శబ్దం సెకనుకు 900, 1000 మీటర్ల వేగంతో పోతుంది. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 74 మిల్లీమీటర్లనుకోండి, లెక్క కడితే సెకనుకు సుమారు 7,500 సార్లు మోగుతుంది. బోరు పెద్దదైతే మోత లావుగా, 6,000 దరిదాపుకి దిగుతుంది. మనకి టకటకమనో, గిన్నెలో గులకరాళ్ళు ఆడించినట్టో వినిపించేది ఇదే. మోత ఒక్కటే అయితే పర్వాలేదు. పిస్టన్ తల మీద, హెడ్డు మీద పల్చటి చల్లటి గ్యాసు పొర ఒకటి ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉంటుంది. అల్యూమినియం కరిగిపోకుండా కాపాడేది ఆ పొరే. ఈ అల వచ్చి ఆ పొరని గీకిపారేస్తుంది. అప్పుడు మంట వేడి నేరుగా లోహానికి తగులుతుంది. పిస్టన్ అంచు తింటుంది, రింగుల మధ్య గట్లు విరుగుతాయి, ప్లగ్గు పింగాణీ పగులుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

ఒక మాట. ఈ కాలం కార్లలో "నాకు ఏ శబ్దమూ వినపడలేదు" అన్న యజమాని మాటని లెక్కలోకి తీసుకోకండి. బండిలోని కంప్యూటర్ వినపడనివ్వదు. మనకంటే ముందు తనే విని టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, అంటే ప్లగ్గు నిప్పు కొట్టడం ఆలస్యం చేస్తుంది. యజమానికి తెలిసేదల్లా పికప్ తగ్గింది, మైలేజ్ పడింది అని. ఆ ఫిర్యాదుతో వచ్చిన టర్బో కారుకి ఎయిర్ ఫిల్టర్ మార్చి పంపేయకుండా, స్కానర్ పెట్టి సిలిండర్ వారీగా ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగుతోందో చూడండి.

ఇప్పుడు వేడి. నా లెక్కలో పెట్రోల్ టర్బో ట్యూనింగ్ అంటే ముప్పాతిక భాగం వేడి సంగతే. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. ఎంత వేడెక్కుతుందో మాత్రం చాలామంది ఊహించరు. బయట 40 డిగ్రీలు, టర్బో గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కుతోంది, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం. ఈ లెక్కన టర్బో నుంచి బయటికొచ్చే గాలి 137 డిగ్రీల దగ్గర ఉంటుంది. మరిగే నీళ్ళకంటే వేడి. దాన్ని ఇంటర్‌కూలర్ చల్లార్చి 55కో 60కో దించాలి. సునాబెడలో జెట్ ఇంజిన్ల ఫ్యాక్టరీ 1960ల నుంచి ఉంది కదా, అక్కడ పనిచేసి రిటైరైన పెద్దలు ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు. కంప్రెసర్ దాటిన గాలి ఎంత వేడిగా ఉంటుందో టీ తాగేటప్పుడు వారిని అడగండి, నాకంటే బాగా చెప్తారు.

ఇక్కడే మన ఘాట్ వచ్చి కూర్చుంటుంది. సాలూరు దాటి సుంకి ఘాట్ పట్టారు. పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్ చేరేసరికి సముద్ర మట్టానికి 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి కిందకంటే పది శాతం దాకా తక్కువ. టర్బో లేని కారుకి ఊపిరాడదు, పికప్ తగ్గుతుంది, నాకింగ్ కూడా తగ్గుతుంది. టర్బో కారు అలా ఒప్పుకోదు. కంప్యూటర్ అడిగేది మొత్తం ఒత్తిడి. 200 కిలోపాస్కల్స్, అంటే కింద మామూలు గాలికి రెట్టింపు, కావాలంటే కావాల్సిందే. పల్చటి గాలితో అంత తేవాలంటే టర్బో ఇంకా జోరుగా తిరగాలి. కింద రెట్టింపు నొక్కింది పైన 2.2 రెట్లు నొక్కాలి. ఒకే ఎండలో చూస్తే గాలి ఇంకో పదిహేను డిగ్రీలు వేడెక్కుతుంది. పైగా ఘాట్‌లో లారీ వెనక పాతిక కిలోమీటర్ల వేగంతో పాకుతున్నాం, ఇంటర్‌కూలర్‌కి తగలాల్సిన గాలి తగలదు. ఏసీ వేసి ఉంటుంది, లోపల ఐదుగురు, డిక్కీలో సామాను. లారీ పక్కకి తప్పుకోగానే కాలు పూర్తిగా తొక్కుతాం. ఇంజిన్‌కి అంతకంటే గడ్డు క్షణం ఉండదు.

అందుకే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చల్లటి హాల్లో, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి, డైనో మీద, అంటే బండి బలం కొలిచే రోలర్ల మీద, పది సెకన్ల పరుగు తీసి చేసిన కంప్యూటర్ ఫైలుని తెచ్చి ఇక్కడ ఎక్కిస్తే నాకు నమ్మకం కుదరదు. ఆ ఫైలు తప్పుదని కాదు, అది ఈ రోడ్డు చూడలేదు. డిసెంబర్లో సెమిలిగుడ పొగమంచులో చేసిన ట్యూనింగ్ కూడా అంతే. మే నెల మధ్యాహ్నం పార్వతీపురంలో బయల్దేరి ఎక్కినప్పుడు ఎలా ఉంటుందన్నదే పరీక్ష.

ఇక టైమింగ్. ప్లగ్గు ముందుగా కొడితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఒత్తిడి లేస్తుంది, మూలనున్న మిశ్రమం మీద నొక్కుడు పెరుగుతుంది. ఆలస్యంగా కొడితే పిస్టన్ కిందికి దిగుతుంటుంది కాబట్టి ఒత్తిడి తగ్గుతుంది, నాకింగ్ ఆగుతుంది. మిశ్రమంలో సగం మండేసరికి క్రాంక్, పిస్టన్ పైకొసన ఉండే టాప్ స్థానం దాటి 8 డిగ్రీల దగ్గరుంటే ఇంజిన్‌కి గరిష్ఠ లాభం. చిన్న లోడ్‌లో అక్కడికి సులభంగా చేరతాం. పూర్తి బూస్ట్‌లో మన మామూలు పెట్రోల్‌తో అక్కడికి చేరనే చేరలేం, నాకింగ్ అడ్డం పడుతుంది. కాబట్టి టార్క్ (తిప్పే బలం) ఎక్కువగా ఉండే చోట అడ్వాన్స్, అంటే టాప్‌కి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గు కొడుతుందన్నది, సింగిల్ డిజిట్‌లోనే ఉండిపోతుంది. అది చూసి కంపెనీవాడు పిసినారితనం చేశాడనుకుని ఐదు డిగ్రీలు జరిపినవాళ్ళున్నారు.

ఆర్‌పీఎం పెరిగేకొద్దీ మాత్రం అడ్వాన్స్ పెంచవచ్చు. ఎందుకంటే పందెం సమయంతో. 2,000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక డిగ్రీ తిరగడానికి 83 మైక్రో సెకన్లు. 6,000 దగ్గర 28. పై స్పీడులో మూలనున్న మిశ్రమానికి ఉడకడానికి వ్యవధి ఉండదు. నాకింగ్‌కి అసలు ఇల్లు 1,800 నుంచి 3,500 మధ్య. ఘాట్‌లో మనం ఉండేది అక్కడే.

"అయితే టైమింగ్ వెనక్కి లాగేసి బూస్ట్ పెంచుకుంటే పోలా?" అంటారు. పోదు. ఆలస్యంగా మండిన మంట సిలిండర్లో పని చేయకుండా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. టర్బైన్ ముందు వేడి పెరుగుతుంది. చాలా పెట్రోల్ టర్బోలకి 950 డిగ్రీల దగ్గర హద్దు, కొన్నిటికి 1,050. అక్కడికి చేరితే టర్బో రెక్కలు, మానిఫోల్డ్ పోతాయి. నాకింగ్ ఒక గోడ, ఎగ్జాస్ట్ వేడి ఇంకో గోడ. ట్యూనింగ్ చేసేవాడికి ఉన్న సందు ఆ రెంటి మధ్యే. మంచి పెట్రోల్, మంచి ఇంటర్‌కూలర్ ఆ సందుని వెడల్పు చేస్తాయి. ల్యాప్‌టాప్ చెయ్యదు.

గాలికీ ఇంధనానికీ ఉండే పాలు (నిష్పత్తి) దగ్గర డీజిల్ చదువు పూర్తిగా తిరగబడుతుంది. డీజిల్ బండిలో ఇంధనం ఎక్కువైతే పొగ, వేడి. పెట్రోల్‌లో ఎక్కువైతే చల్లన. అదనంగా వెళ్ళిన పెట్రోల్ ఆవిరవుతూ వేడి లాక్కుంటుంది, మంట ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. అందుకే పూర్తి బూస్ట్‌లో లాంబ్డా 0.80, 0.85 మధ్య పెట్టుకోవడం వాడుక. లాంబ్డా 1 అంటే గాలీ పెట్రోలూ సరిసమానంగా మండే పాలు, 1 కంటే తగ్గితే పెట్రోల్ ఎక్కువని. మైలేజ్ కోసం పూర్తి లోడ్‌లో పెట్రోల్ కోసేయడం పిస్టన్‌ని అమ్ముకోవడమే. అలాగని 0.75 కంటే దింపితే మిస్సింగ్ వస్తుంది, బోరు గోడల మీద ఆయిల్ కడుక్కుపోతుంది, ఇంజిన్ ఆయిల్లో పెట్రోల్ కలుస్తుంది.

ఇక్కడ ఈ పాలు కొలిచే మీటరు చూసేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఒక పాలు పెట్రోల్‌కి ఎన్ని పాళ్ళ గాలి అని చెప్పే 14.7, 12.0 అన్న అంకెలు మనకి అలవాటు. అవి ఉత్త పెట్రోల్‌వి. 2025 నాటికి మన దేశంలో పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఆ పెట్రోల్‌కి సరైన పాలు 13.5 దరిదాపు. మీటరు ఆక్సిజన్ చూసి లాంబ్డా కొలుస్తుంది, తర్వాత తనకి నేర్పిన 14.7తో గుణించి అంకె చూపిస్తుంది. ఇంజెక్టర్లు ఇస్తున్న అసలు పాలు వేరు. గందరగోళం వద్దనుకుంటే మీటర్ని లాంబ్డాకి మార్చి పెట్టుకోండి. ఏ పెట్రోలైనా 1 అంటే 1, 0.82 అంటే 0.82.

ఇథనాల్‌ని మన యువకులు తిడుతుంటారు. నాకింగ్ వరకు అయితే అది మన పక్షమే. దాని ఆక్టేన్ 108 చిల్లర, ఆవిరయ్యేటప్పుడు పెట్రోల్ కంటే రెండింతలు మించి వేడి లాగుతుంది. మైలేజ్ తగ్గుతుంది, అది నిజం. ఇంజెక్టర్ ఎక్కువ సేపు తెరుచుకోవాలి, అదీ నిజం. పాత రబ్బరు గొట్టాల సంగతి ఈ ఉపన్యాసంలో చెప్పను, అదో పెద్ద కథ. కానీ నీళ్ళ సంగతి చెప్పాలి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. హద్దు దాటితే నీళ్ళూ ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకి దిగుతాయి, పైన మిగిలిన పెట్రోల్‌కి ఆక్టేన్ పడిపోతుంది. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన ఎలా కురుస్తుందో తెలుసు. వారాల తరబడి కదలకుండా నిలబెట్టిన కారుకి ఉన్నట్టుండి నాకింగ్ మొదలైతే మ్యాపు (కంప్యూటర్లోని ట్యూనింగ్ పట్టికలు) జోలికి పోకముందు సీసాలోకి కాస్త పెట్రోల్ తీసి, అరగంట ఉంచి చూడండి. అడుగున వేరే పొర కనబడితే సంగతి తేలిపోయినట్టే.

ఆక్టేన్ గురించి ఇంకొక్క మాట. ఆక్టేన్ ఎక్కువుంటే శక్తి ఎక్కువని కాదు, తనంతట తాను అంటుకోకుండా ఓర్చుకునే గుణం ఎక్కువని. మామూలు బండికి 100 ఆక్టేన్ పోసి డబ్బు తగలెయ్యక్కర్లేదు. అయితే ట్యూనింగ్ చేసిన టర్బోకి అది పనికొస్తుంది. కానీ మన చిన్న ఊళ్ళ బంకుల్లో ప్రీమియం ఎప్పుడూ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. ఒడిశా వైపు పెట్రోల్ చవక కాబట్టి సాలూరువాళ్ళు కూడా పైకొచ్చి నింపుకుని పోతారు. ఎక్కడ నింపినా దొరికేది మామూలుదే అనుకుని దానికే ట్యూన్ చేయండి. 97, 100 పోసి ట్యూన్ చేసి, తర్వాత మామూలుది పోసుకుని రాయగడ బయల్దేరితే ఆ బాధ్యత మొత్తం నాకింగ్‌ని వినే నాక్ సెన్సర్ నెత్తిన పడుతుంది.

కాస్త చరిత్ర చెప్తాను, విసుగనిపిస్తే ఆపేస్తాను. (నవ్వులు) నాకింగ్ కొత్త జబ్బు కాదు. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ పెట్రోల్లో సీసం కలిపితే నాకింగ్ ఆగుతుందని కనిపెట్టాడు. ఇంజిన్ బాగుపడింది, మనుషుల రక్తంలోకి సీసం చేరింది. మన దేశంలో సీసం పెట్రోల్ 2000 ఫిబ్రవరితో పోయింది. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అని టర్బో కారొకటి వచ్చింది. కంప్రెషన్ 10.25. ఆ రోజుల్లో టర్బోకి అది మొండి ధైర్యం. నాకింగ్ రాకుండా నీళ్ళూ మిథనాల్ కలిపిన ద్రవం వేరే ట్యాంకులోంచి చిమ్మేది. యజమానులు ఆ ట్యాంకు నింపడం మర్చిపోయేవారు. కారు 1963తో ఆగిపోయింది. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళకి స్వీడన్‌లో సాబ్ కంపెనీ ఇంజిన్‌కి చెవి పెట్టింది. నాకింగ్ వినగానే బూస్ట్ తగ్గించే పద్ధతి. ఇప్పుడు మన కార్లలో ఉన్నది ఆ చెవి వారసురాలే.

ఆ చెవి గురించి కాస్త నిదానంగా చెప్పాలి. నాక్ సెన్సర్ బ్లాకుకి బోల్టుతో బిగించిన చిన్న ముక్క. లోపల పీజో స్ఫటికం. బ్లాకు అదిరితే వోల్టేజీ పుడుతుంది. కంప్యూటర్ ప్రతి సిలిండర్ మండే వేళ, టాప్ దాటాక కొన్ని డిగ్రీల కిటికీలోనే వింటుంది. వాల్వుల చప్పుడు, ఇంజెక్టర్ల టిక్కుటిక్కు దాన్ని మోసం చేయకుండా అలా పెట్టారు. ఈ మధ్య ఒక కారు వచ్చింది, రీమ్యాప్ చేసింది, అంటే కంపెనీ మ్యాపు మార్చేసింది. యజమాని చెప్పినదాని ప్రకారం లాగింగ్‌లో, అంటే నడిపేటప్పుడు రాసుకున్న రికార్డులో, నాకింగ్ సున్నా. ఎంత తొక్కినా సున్నా. నాకు అనుమానమంతా ఆ సున్నా మీదే. ఏ ఇంజిన్‌కైనా ఎప్పుడో ఒకసారి ఒక డిగ్రీ అటూ ఇటూ అవుతుంది. ప్లగ్గులు తీశాం. మూడో సిలిండర్ ప్లగ్గు పింగాణీ మీద భూతద్దం పెట్టి చూస్తే మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య వెండిలా మెరిసే రవ్వలు. ఆ మెరుపు పిస్టన్‌ది. సెన్సర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంది. ఎప్పుడో ఎక్కడో మానిఫోల్డ్ దింపినప్పుడు సెన్సర్ కూడా తీసి, బోల్టు పొడవైందనో ఏమో కింద ఒక వాషర్ వేసి బిగించారు. అది కూర్చునే చోట బ్లాకు మీద పెయింటు కూడా ఉంది. చేత్తో తిప్పితే సెన్సర్ కదిలింది. ఇక ఏం వింటుంది? మూడో పిస్టన్ రింగు గట్టు విరిగి, ఆ సందులోంచి గ్యాసు కిందికి దిగి, ఆయిల్ని బ్రీదర్ గొట్టం ద్వారా ఇన్‌టేక్‌లోకి తోస్తోంది. ఆయిల్ ఆవిరి మిశ్రమంలో కలిస్తే ఆక్టేన్ పడిపోతుంది, నాకింగ్ ఇంకా పెరుగుతుంది. జబ్బు తన్ను తానే పెంచుకుంటోంది.

కాబట్టి సెన్సర్ బిగించేటప్పుడు లోహానికి లోహం ఆనాలి. పెయింటు, తుప్పు గీకెయ్యండి. వాషర్ వద్దు. చాలా బండ్లలో 20 న్యూటన్ మీటర్ల దరిదాపు బిగింపు, ఆ బండి మాన్యువల్ చూసి టార్క్ రెంచ్‌తోనే బిగించండి. "చేతి అంచనా" ఇక్కడ పనికిరాదు. వదులైతే చెవుడు, మరీ బిగిస్తే స్ఫటికం మీద భారం. సెన్సర్ పని చేస్తోందో లేదో నమ్మకం కావాలంటే పాత పద్ధతి ఉంది. రాగి గొట్టం ఒక కొస నలగ్గొట్టి, రంధ్రం వేసి బ్లాకుకి బోల్టుతో బిగించండి. రెండో కొసకి రబ్బరు గొట్టం తొడిగి, మోత అడ్డుకునే చెవి డిప్పల్లోకి పెట్టండి. ఒకరు బండి నడపాలి, ఒకరు వినాలి. నాకింగ్ వచ్చినప్పుడు చెవిలో మేకు కొట్టినట్టుంటుంది, పొరబడే పనే లేదు.

పని వరస అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. ముందు ఆరోగ్యం. కంప్రెషన్, బూస్ట్ లీకులు, పెట్రోల్ ప్రెషర్, కూలెంట్, ఇంటర్‌కూలర్ రెక్కల్లో మట్టి. ప్లగ్గు ఒక మెట్టు చల్లటిది (వేడిని త్వరగా వదిలేది) వేసి, గ్యాపు 0.7 మిల్లీమీటర్ల దగ్గరికి తగ్గించుకోవడం బూస్ట్ పెంచిన బండ్లలో వాడుక. ఆ తర్వాతే ల్యాప్‌టాప్. బూస్ట్ హద్దు దాటకుండా గ్యాసుని పక్కకి వదిలే వేస్ట్‌గేట్ తలుపు స్ప్రింగు ఇచ్చే కనీస బూస్ట్ దగ్గర మొదలుపెట్టి లాంబ్డా సరిచేసుకోవాలి. తర్వాత టైమింగ్ ఒక్కొక్క డిగ్రీ. టార్క్ పెరగడం ఆగితే, నాకింగ్ రాకపోయినా అక్కడే ఆగండి. నాకింగ్ మొదలైతే అక్కడినుంచి రెండు మూడు డిగ్రీలు వెనక్కి. బూస్ట్ ఆఖరి మాట. మనవాళ్ళు దాంతోనే మొదలుపెడతారు. గాలి వేడిని బట్టి టైమింగ్ తగ్గించే పట్టిక ఒకటి ప్రతి కంప్యూటర్లో ఉంటుంది. మన ప్రాంతానికి అసలు ట్యూనింగ్ ఆ పట్టికలోనే ఉంది. 45 డిగ్రీల నుంచి మెల్లగా టైమింగ్ దించుతూ, 60 దాటితే బూస్ట్ కూడా తగ్గేలా పెట్టుకుంటే మే నెల ఘాట్‌కి బండి తనే సర్దుకుంటుంది. వారంటీ పోతుందని యజమానికి ముందే చెప్పి సంతకం తీసుకోండి. తర్వాత గొడవలొద్దు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: గురువుగారూ, మాది సెమిలిగుడ. నా బండికి రీమ్యాప్ ఏటీ లేదు, కంపెనీదే. ఘాట్‌లో నాలుగో గేర్లో ఎక్కుతుంటే ఒక్కసారి గట్టిగా 'టక్' మంది. తర్వాత మామూలే. ఇది నాకింగేనా?

ఆర్‌పీఎం ఎంతుందప్పుడు? పదిహేను వందలా? ఊఁ. అయితే అది నాకింగ్‌కి పెద్దన్న కావచ్చు. ప్లగ్గు కొట్టకముందే ఆయిల్ చుక్కో, మసి పెళ్ళో అంటుకుని మిశ్రమం మండిపోవడం. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో తక్కువ స్పీడు, ఎక్కువ లోడ్ ఉన్నప్పుడు వస్తుంది. ప్లగ్గు ఇంకా కొట్టనే లేదు కాబట్టి టైమింగ్ వెనక్కి లాగినా లాభం లేదు, నాక్ సెన్సర్ చేయగలిగింది తక్కువ. ఒక్క దెబ్బకి పిస్టన్ విరిగిన సందర్భాలున్నాయి. మన డ్రైవింగ్ కూడా డీజిల్‌దే కదా తమ్ముడూ. డీజిల్ బండి పదిహేను వందల దగ్గర నాలుగో గేర్లో గునుస్తూ ఎక్కేస్తుంది, మనకదే గొప్ప. పెట్రోల్ టర్బోని అలా ఎక్కించకండి. మూడోకో రెండోకో దించి, 2,500 పైన తిప్పుతూ ఎక్కండి. ఇంజిన్ అరుస్తుంది, అరవనీయండి. ఇక ఆయిల్. డిటర్జెంట్‌గా కాల్షియం ఎక్కువ వాడిన ఆయిళ్ళతో ఈ బెడద ఎక్కువని తేలాక 2018లో ఎస్ఎన్ ప్లస్ అనీ, 2020లో ఎస్‌పీ అనీ అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ కొత్త గ్రేడులు తెచ్చింది. డబ్బా మీద ఎస్‌పీ అని ఉందో లేదో చూసుకోండి. లారీకి తెచ్చిన డీజిల్ ఆయిల్ మిగిలిందని ఇందులో పోయడం మానేయండి. ఇక్కడున్న షెడ్డులవాళ్ళు నవ్వుతున్నారంటే పోస్తున్నారనే అర్థం. (నవ్వులు)

ప్రశ్న: నీళ్ళు చిమ్మే కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయండి. పెట్టొచ్చా?

పని చేస్తాయి. నీళ్ళు ఆవిరవుతూ గాలిని చల్లార్చినంతగా మరేదీ చల్లార్చదు. కానీ నీళ్ళు అయిపోయినా, నాజిల్ మూసుకుపోయినా బూస్ట్ వెంటనే దిగిపోయేలా కంప్యూటర్‌కి కట్టాలి. అలా కట్టలేకపోతే పెట్టొద్దు. డిస్టిల్డ్ వాటరే పోయాలి. మన బోరు నీళ్ళు పోస్తే నెల తిరక్కుండా నాజిల్ గారకట్టేస్తుంది.

ప్రశ్న: ప్లగ్గు చూసి చెప్పడం మాకూ చూపిస్తారా సార్?

అది మాటల్తో కాదు. ఇందాక టక్ మందన్న తమ్ముడి బండి బయట చింతచెట్టు కింద ఉందన్నారు. ఇంజిన్ చల్లారి ఉంటుంది ఈపాటికి. వేడి మీద అల్యూమినియం హెడ్డులోంచి ప్లగ్గు ఊడదీస్తే మరలు పోతాయి, అది గుర్తుంచుకోండి. పదహారు సైజు ప్లగ్గు స్పానరు, భూతద్దం నా సంచిలో ఉన్నాయి. టార్చి ఉన్నవాళ్ళు ముందుకు రండి, నాలుగు ప్లగ్గులూ సిలిండర్ వరస తప్పకుండా ఈ బల్ల మీద పేర్చి చూద్దాం.